జేజి కలికుండ

మొన్న ఆదివారం అమెరికాలో ఉన్న మా మనవడు ఫోనులో వాడి వంటగది చూపించాడు. ఓ మూలన మూత బిగించిన బకెట్టు. మూతకున్న గొట్టంలోంచి బుడబుడమని బుడగలు.

"ఏం నాయనా అది?" అన్నాను.

"బీరవ్వా! నేనే చేస్తున్నా."

గుండె గుభేలుమంది. తాగుడుకు సంసారాలు గుల్లకావడం చూసిన కళ్ళివి మరి! తీరా వాడు చేసే తీరు చెబుతుంటే కోపం పోయి ఆశ్చర్యం మిగిలింది. బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడితే మాల్టట. అదేం వింత? మా రాజంపేటలో రాగులు మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, విసిరి, పసిబిడ్డకు జావ కాచని తల్లి ఉందా? మనం జావతో ఆగుతాం. వాళ్ళు ఆ మాల్టు నానిన తీపినీళ్ళను హాప్స్ అనే చేదుపూలతో కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. అది చక్కెరను తిని మత్తునూ, బుడగలనూ పుట్టిస్తుంది.

ఇది మగవాళ్ళ సరదా అనుకునేరు! ఇంగ్లండులో 14వ శతాబ్దం దాకా ఇంటి బీరు చాలావరకు ఆడవాళ్ళ పనే. రొట్టెతోపాటు అదీ ఒక వంట. హాప్స్ వచ్చాక సరుకు నిలవుండసాగింది. పెద్ద వ్యాపారమై ఇల్లాలి చేయి దాటిపోయింది. ఆ తర్వాత ఇంట్లో చేసుకోవడానికీ లైసెన్సు కావలసివచ్చింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు 1963లో పోయింది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేశాక, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అనుమతి వచ్చింది.

మన సంగతి వేరు. ఈతకల్లుకు కాచే పనే లేదు. పొద్దున తీపిగా దిగింది సాయంత్రానికి తానే పులుస్తుంది. కుండలో సున్నం పూస్తే పులవదు. అదే నీరా.

1937లో రాజాజీ సేలంలో మద్యనిషేధం పెట్టి, 1938 అక్టోబరు 1న చిత్తూరుకూ, మా కడపజిల్లాకూ తెచ్చారు. తగ్గిన రాబడికి బదులుగా 1939లో వచ్చిందే సేల్స్‌టాక్సు. కల్లు మానింది మొగుడు, పన్ను కట్టింది పెళ్ళాం!

అప్పటికి మా జేజి కొత్త కోడలు. పుల్లటి వాసన పట్టుకుని ఓ జవాను పెరట్లోకి వచ్చాడట. జేజి బెదరకుండా కలికుండ మూత తీసి, చెంబుడు కలిలో ఇంత ఉప్పేసి ఇచ్చిందట. కలంటే తెలుసుగా, గంజీ బియ్యం కడుగూ రోజూ పోసి పులియబెట్టేది. కోస్తావాళ్ళు తరవాణి అంటారు. అతగాడు గటగటా తాగి, "ఇంకో చెంబు పొయ్యమ్మా" అన్నాడట!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఏడు కూలిడబ్బులు ఇళ్ళకు చేరాయని జేజే చెప్పేది. బెల్లపు ఊట పెట్టి దొంగసారా కాచేవాళ్ళు పుట్టుకొచ్చారనీ తనే చెప్పేది. నిషేధం తర్వాత వస్తూ పోతూనే ఉంది. 1980లలో సర్కారే వారుణివాహిని పేరిట ప్యాకెట్లలో సారా ఊరూరికీ పంపింది. ఎంత తాగితే అంత రాబడి. దానికి కొలతేముంటుంది? మా పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. కడపజిల్లా నిషేధానికి సరిగ్గా యాభై అయిదేళ్ళకు, అదే తేదీన!

ఇదంతా మనవడికి చెప్పాను. వాడు బుద్ధిగా విని, "బకెట్టు పారబోయనా అవ్వా?" అన్నాడు.

"పారబోయమన్నానా? కొలత మరిచిపోకు. అమ్మకానికి మాత్రం పెట్టొద్దు" అన్నాను.

వాడు నవ్వేశాడు. "ఇక్కడి చట్టం కూడా అదే అంటుందవ్వా! అవును గానీ, జేజి కలి ఎట్లా పెట్టాలి?"