పాత ట్రాక్టరుకు అల్యూమినియం రేడియేటర్: బిగించే ముందు చూసుకోవాల్సినవి

నారాయణఖేడ్ ప్రాంత రైతుల్లో పాత ట్రాక్టరుతోనే దుక్కులు చేసుకునేవారు ఉన్నారు. హెచ్‌ఎంటీ వంటి ట్రాక్టర్ల తయారీ ఆగిపోవడంతో వాటి అసలు రేడియేటర్ దొరకడం కష్టం. అప్పుడు అన్ని బండ్లకూ సరిపోతుందని అమ్మే యూనివర్సల్ అల్యూమినియం రేడియేటర్ ఒక దారి. అయితే కొలతలు కుదరకపోయినా, బోరు నీళ్లు పోసినా అది త్వరగా పాడవుతుంది. ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతే ఖర్చుతో పాటు దుక్కి అదును కూడా పోతుంది.

ముందు ఇవి చూడండి

• పత్తి దూది, పొట్టు, దుమ్ముతో రేడియేటర్ రెక్కలు మూసుకుపోయాయేమో చూడాలి.
• ఫ్యాన్ బెల్ట్, వాటర్ పంపు, థర్మోస్టాట్ పరీక్షించాలి.
• పాతది రాగి, ఇత్తడిది అయి కొద్దిగా కారుతుంటే మాటు వేయిస్తే చాలు. అల్యూమినియానికి ఆ మాటు అతకదు, ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి.

కొనేటప్పుడు కొలతలు

పాత రేడియేటర్‌ను విప్పి దుకాణానికి తీసుకెళ్లడం మేలు. జాలీ పొడవు, వెడల్పు, మందం పాతదానికంటే తగ్గకూడదు. పైన, కింద గొట్టాల సైజు, అవి ఉన్న వైపు సరిపోవాలి. మూతపై ఉన్న ప్రెషర్ అంకె పాతదే ఉండాలి. 7 ఉన్నచోట 13 మూత వేస్తే పాత హోస్‌లు, పంపు సీలు కారే ప్రమాదం ఉంది.

బిగించే పద్ధతి

1. ఇంజిన్ చల్లారాక నీళ్లు వదిలి, ఎన్ని లీటర్లు వచ్చాయో కొలవాలి.
2. ఇంజిన్ లోపలి తుప్పు పోయేలా మంచినీటితో కడగాలి. లేకపోతే ఆ తుప్పు కొత్త గొట్టాల్లో పేరుకుంటుంది.
3. రేడియేటర్ కింద, పక్కల రబ్బరు బుష్‌లు వేయాలి. ఇవి అదురును తగ్గిస్తాయి, ఇనుము నేరుగా అల్యూమినియానికి తగలనివ్వవు.
4. ఫ్యాన్ రెక్కలకు, జాలీకి మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉంచాలి. ఫ్యాన్ చుట్టూ ఉండే రేకును తీసేయకూడదు.
5. హోస్‌లు మడత పడకూడదు. కింది హోస్‌ను పంపు లాగుతుంది కాబట్టి మెత్తబడినది వాడితే ముడుచుకుపోతుంది.
6. బ్యాటరీ ఎర్త్ వైరును రేడియేటర్‌కు బిగించకూడదు.

ఏం పోయాలి?

బోరు నీటిలోని ఉప్పులు లోపల గారలా పేరుకుంటాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బాపై రాసి ఉన్న కూలెంట్‌ను, డిస్టిల్డ్ వాటర్‌ను సగం సగం కలిపి పోయాలి. కలిపి అమ్మే రకమైతే నీళ్లు కలపనక్కర్లేదు. రెండు రకాల కూలెంట్లు కలపవద్దు.

మూత తీసి ఇంజిన్ నడిపి, గాలి బుడగలు ఆగేవరకు నింపాలి. తర్వాత అరగంట తేలికపాటి దుక్కి చేసి, వేడి ముల్లు, హోస్ అతుకులు చూడాలి. ముల్లు ఎర్ర గీతకు చేరితే పని ఆపేయండి. వేడి మీద మూత తీయవద్దు, ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

జాగ్రత్త: కూలెంట్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. తీసిన పాత కూలెంట్‌ను పశువుల తొట్టి దగ్గర గానీ, కాలువలో గానీ పారబోయకండి. పిల్లలకు అందకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టండి.