పేరు ఎవరు పెట్టారు?

మా పామూరులో ఊరి పేరుకు అర్థమేమిటని అడిగితే బడిపిల్లవాడైనా చెబుతాడు: పాముల ఊరు. వినగానే నమ్మబుద్ధయ్యే ఇటువంటి వ్యుత్పత్తుల్ని అనుమానించడం చరిత్ర విద్యార్థి మొదటి పని. నేనూ అనుమానిస్తాను. అయినా పాము మాటను తేలిగ్గా కొట్టివేయలేను. అమరావతి రాతి మీద ‘నాగబు’ అనే పదాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. మనకు దొరికిన తొలి తెలుగు మాటల్లో అది ఒకటి. అక్కడి శిల్పాల్లో స్తూపాన్ని చుట్టుకొని పడగ విప్పిన నాగులు కనిపిస్తారు. ఆ నాగుల వెంట వెళ్ళి నేను ఆ నగరం పేర్ల దగ్గర ఆగిపోయాను.

మైదవోలు తామ్రశాసనంలో పల్లవ యువరాజు శివస్కందవర్మ కాంచీపురం నుంచి ‘ధంఞకడ’లోని తన అధికారికి ఆజ్ఞ పంపాడు. శాసన భాష ప్రాకృతం. అదే సంస్కృతంలో ధాన్యకటకం. కటకమంటే దండు విడిసిన చోటు, రాజధాని. ధాన్యం రైతుది, కటకం రాజుది; పేరులోనే రెండు వర్గాలూ ఉన్నాయి! ప్రజల నాలుక మీద ఇది ధరణికోట అయింది. పండితుల కటకాన్ని జనం తమకు తెలిసిన కోటగా మార్చుకున్నారని నా అభిప్రాయం.

ఇటువంటిదే పశ్చిమాన గాల్ దేశంలో జరిగింది. నేటి ఫ్రాన్సు ప్రాంతమది. కెల్టిక్ భాషలు మాట్లాడే తెగలు అక్కడ ఉండేవి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో సీజరు వారిని జయించాడు. లాటిన్ రాజ్యమేలింది, కెల్టిక్ భాష క్రమంగా మాసిపోయింది. కాని పేర్లు చావలేదు. లుగ్ అనే దేవుడి పేరుకు కోట అనే అర్థమున్న ‘దూనోన్’ చేర్చి చేసిన లుగ్దూనం నేటి లియోన్. సెయిన్ నది మీది లుటీషియాలో పారిసీ అనే తెగ ఉండేది. క్రీ.శ. 4వ శతాబ్దం నాటికి లుటీషియా వెనుకబడింది, తెగ పేరే నిలిచింది. పారిస్ అనే ప్రతివారూ, తెలిసో తెలియకో, ఓడిపోయిన ఆ జనాన్ని తలుస్తున్నారు.

మన దగ్గర కథ ఎదురు తిరిగింది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని అమరేశ్వరాలయం చెంతకు మార్చాడు. ఇంద్రుడి పట్టణం పేరు, అమరావతి, స్థిరపడింది. కట్టడాలకు రాయి కావాలి. పక్కనే దిబ్బ ఉంది. పాలరాయివలె మెరిసే సున్నపురాతి పలకలు తవ్వుకుపోయారు. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. ఎవరో దాతలు, వారిలో వర్తకులూ భిక్షుణులూ ఉన్నారు, తమ పేర్లు చెక్కించుకున్న రాళ్ళవి. కొత్త పేరు పాత పేర్లను అక్షరాలా సున్నం చేసింది. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించకపోతే మనకు తెలిసేది ఇంకా తక్కువ.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది. పేరు అమరావతి. పాత అమరావతికి తూర్పున తుళ్ళూరు, వెలగపూడి, నేలపాడు, మందడం వంటి ఊళ్ళ పొలాలు, సుమారు 33 వేల ఎకరాలు, అందులోకి పోయాయి. ఈ పేర్లలో ఒక్కటీ ఇంద్రుడిది కాదు. భూమి దున్నినవాడూ, అందులో కూలికి వంగినవాడూ పిలుచుకున్న పేర్లవి. పటాల మీద అవి ఎంత సన్నని అక్షరాల్లో మిగులుతాయో చరిత్ర ఉపాధ్యాయులు కనిపెట్టి ఉండాలి.

చెప్పడం మరిచాను, జమీందారు తవ్వించిన ఆ దిబ్బను చుట్టుపక్కల జనం దీపాలదిన్నె అనేవారు. బుద్ధుడి పేరు మరిచారు, స్తూపమన్న మాట మరిచారు, అక్కడ దీపాలు వెలిగేవన్నది మాత్రం మరవలేదు.