వాక్స్ ఏసీ30

వాక్స్ ఏసీ30 బ్రిటన్‌లో పుట్టిన వాల్వు గిటార్ యాంప్లిఫయర్. కెంట్ కౌంటీలోని డార్ట్‌ఫర్డ్‌లో టామ్ జెన్నింగ్స్ నడిపిన జెన్నింగ్స్ మ్యూజికల్ ఇండస్ట్రీస్ దీన్ని వాక్స్ పేరుతో తయారు చేసింది. రూపకర్త డిక్ డెన్నీ. ఆయన స్వయంగా గిటార్ వాయించేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఆయుధ కర్మాగారంలో పనిచేస్తున్నప్పుడు జెన్నింగ్స్‌కూ డెన్నీకీ పరిచయమైంది.

1958లో వీరి 15 వాట్ల ఏసీ15 వచ్చింది. కేకలతో హోరెత్తే హాళ్లలో అది చాలడం లేదని ద షాడోస్ వంటి బృందాలు మరింత శక్తి అడిగాయి. డెన్నీ రెండు ఈఎల్84 వాల్వుల స్థానంలో నాలుగు పెట్టాడు; అలా ఏసీ30 వచ్చింది. కొద్దికాలానికే 12 అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు రెండున్న నమూనా స్థిరపడింది.

ఈఎల్84 అసలు రేడియోలు, రికార్డు ప్లేయర్ల కోసం తయారైన చిన్న వాల్వు. డెన్నీ దాన్ని తట్టుకోగలిగినంత వేడిగా పనిచేయించాడు. సాధారణంగా యాంప్లిఫయర్లలో అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి పంపి తప్పులు సరిదిద్దే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంటుంది; ఏసీ30 పవర్ విభాగంలో అది లేదు. అందుకే మెల్లగా మీటితే గంటలా గణగణమనే స్వరం, గట్టిగా మీటేకొద్దీ గరుకుదేరుతుంది. లెక్క ప్రకారం లోపమైనది ఇక్కడ సంగీతమైంది. ఏసీ30 గొప్పదనమంతా ఇందులోనే ఉంది.

తొలి నమూనాల్లోని ఈఎఫ్86 వాల్వు స్పీకర్ల అదురుకు నిలవలేక ఇబ్బంది పెట్టడంతో దాని స్థానంలో ఈసీసీ83 వాల్వు వచ్చింది. పై స్థాయి స్వరాలకు పదును కావాలన్నవారి కోసం 1961 ప్రాంతంలో టాప్ బూస్ట్ అనే అదనపు విభాగాన్ని పెట్టె వెనుక అమర్చేవారు. తర్వాత అది ముఖ్య ప్యానెల్‌లోకి చేరింది. 1962 నుంచి బీటిల్స్ వాక్స్ వాడారు. అభిమానుల కేకలకు ఏసీ30 కూడా చాలక, వారికి 100 వాట్ల యాంప్లిఫయర్లు చేయాల్సి వచ్చింది. క్వీన్ బృందంలోని బ్రయన్ మే, యూ2 బృందంలోని ద ఎడ్జ్ తర్వాతి తరాలకు ఈ స్వరాన్ని అందించారు.

1964లో సంస్థపై అధికారం రాయ్‌స్టన్ గ్రూపు చేతికి పోయింది. 1967లో జెన్నింగ్స్ బయటికొచ్చేశాడు. ఆపై వాక్స్ పేరు పలు చేతులు మారి 1992లో జపాన్ సంస్థ కోర్గ్‌ను చేరింది.

పాత ఏసీ30ని బాగుచేయడంలో ఏది మార్చాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది ముట్టుకోకూడదో తెలియడం అంతకంటే ముఖ్యం. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చక తప్పదు. పాత కరెంటు తీగ తీసేసి ఎర్త్ ఉన్నది పెట్టడం ప్రాణరక్షణకు సంబంధించిన పని. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ముందు వాటిని ఖాళీ చేశాకే లోపల చేయి పెట్టాలి. నాలుగు పవర్ వాల్వులకూ ఒకే కాథోడ్ నిరోధకం ఉండటంతో, సమానంగా కరెంటు తీసుకునే వాల్వుల్నే జతపరచాలి. ఆరోగ్యంగా ఉన్న అసలు ట్రాన్స్‌ఫార్మర్లు, నీలిరంగు సెలెస్టియన్ స్పీకర్లు, స్వరాన్ని నడిపించే పాత కెపాసిటర్లు మాత్రం వాటి చోటే ఉండాలి. కొత్తగా మెరవాలని వాటినీ తీసేస్తే మిగిలేది పాత పెట్టెలో కొత్త యంత్రం. స్పీకర్ కోన్ చిరిగినా, అయస్కాంతాన్నీ చట్రాన్నీ ఉంచి కోన్ మాత్రమే మార్చవచ్చు.