కాలేయం చీలినా కుట్లు అక్కర్లేదా? ఒక్క చుక్కతో అతికించే నానో జిగురు కథ ఇదీ!

చేయి తెగితే కుట్లు వేస్తారు. మరి లోపల కాలేయం చీలితే? యాక్సిడెంట్‌లో పొట్టకు గట్టి దెబ్బ తగిలినప్పుడు సర్జన్లకు ఎదురయ్యే పెద్ద కష్టం ఇదే. కాలేయం చాలా మెత్తగా, నిండా రక్తంతో ఉంటుంది. సూది గుచ్చి దారం బిగిస్తే ఆ కుట్టు దగ్గరే మళ్లీ చిరిగిపోవచ్చు. పోనీ జిగురు పూద్దామంటే.. తడి మీద అది నిలవదు.

ఈ తడి సమస్యకే పారిస్ సైంటిస్టులు ఓ దారి చూపించారు. లుడ్విక్ లేబ్లర్ టీమ్ చేసిన ఈ పరిశోధన 2014లో 'నేచర్' జర్నల్‌లో అచ్చయింది. వాళ్లు వాడింది నిజానికి జిగురే కాదు.. సిలికా నానో కణాలు కలిపిన నీళ్లు. సిలికా అంటే మన ఇసుకలో ఉండేదే. కాకపోతే ఈ కణాలను నానోమీటర్లలో కొలుస్తారు. ఒక నానోమీటర్ అంటే మీటర్‌లో 100 కోట్ల వంతు! కోసిన దూడ కాలేయం ముక్కల మధ్య ఈ ద్రావణం రాసి కాసేపు నొక్కితే.. అవి అతుక్కున్నాయి.

ఎలా అంటే.. మన కణజాలం లోపల పొడవాటి అణువులు వలలా అల్లుకుని ఉంటాయి. నానో కణాలు రెండు వైపుల వలలనూ పట్టుకుని మధ్యలో వంతెనలా నిలుస్తాయి. లాగితే ఒకచోట పట్టు ఊడుతుంది, పక్కనే మళ్లీ పట్టుకుంటుంది. అందుకే అంత తేలిగ్గా విడిపోదు. ఇందులో కెమికల్ రియాక్షన్ లేదు, వేడి పుట్టదు. అసలు పాయింట్ ఇక్కడే ఉంది.

ఎందుకంటే ఆస్పత్రుల్లో స్కిన్ గ్లూ ఇప్పటికే ఉంది. అది సైనోయాక్రిలేట్.. అంటే సూపర్ గ్లూ కుటుంబమే. 1942లో కొడాక్ కంపెనీలో హ్యారీ కూవర్ దీన్ని గుర్తించారు. చర్మానికి వాడే ఓ రకానికి అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. అయితే గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఆరాక పెళుసవుతుంది. అందుకే స్కిన్ గ్లూను పైపై గాయాలకే వాడతారు. అన్నట్టు, షాపులో దొరికే ఇన్‌స్టంట్ గ్లూను తెగిన వేలికి పూసేవాళ్లు ఉన్నారు.. అస్సలు చేయొద్దు. ఆస్పత్రిలో వాడేది వేరు, ఇది వేరు.

మళ్లీ పారిస్‌కు వస్తే.. అదే 2014లో దిదియే లెతూర్నర్ బృందంతో కలిసి ఎలుకలపై ప్రయోగాలు చేశారు. సిలికాతో పాటు ఐరన్ ఆక్సైడ్ కణాలనూ పరీక్షించారు. చర్మంపై గాయాలు మూసుకున్నాయి. కాలేయం నుంచి రక్తం కారడం ఆగింది. కొట్టుకుంటున్న గుండెకు సైతం ఓ చిన్న పొరను కుట్లు లేకుండా అతికించగలిగారు.

అయితే ఇవన్నీ ఎలుకలు. మనిషి శరీరంలో ఈ కణాలు ఎన్నాళ్లుంటాయి, గాయం మానాక ఎక్కడికి చేరతాయి, వేరే అవయవాల్లో పేరుకుంటాయా? ఆపరేషన్ థియేటర్‌లోకి రావాలంటే ముందు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఇవే.