మూలం ఒక్కటే

1990ల మొదట్లో కంప్యూటర్ తెర మీద తెలుగు అక్షరం కనిపించడమే గగనం. అప్పుడు వజ్రకరూరు అనే ఊరి పేరు రాయాలంటే ఇంగ్లీషు కీబోర్డు మీద పేరంతా చిన్న అక్షరాల్లో కొట్టి, 'రూ' దగ్గర దీర్ఘం కోసం ఒక్క 'యు' మాత్రం పెద్దక్షరంగా కొట్టేవారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఈ పద్ధతి పేరు ఆర్‌టీఎస్. అలా కొట్టిన ఫైలును ఈమెయిల్‌లో పంపితే అవతలివాళ్ళు ఇంగ్లీషు లిపిలోనే చదువుకునేవారు. రామారావు, కిశోర్‌ల 'రిట్' ప్రోగ్రాముకి ఇస్తే అదే ఫైలు తెలుగు లిపిలో అచ్చుకి సిద్ధమయ్యేది. దిద్దుబాటు మాత్రం మూలంలో ఒక్కచోటే.

సాఫ్ట్‌వేర్ మాన్యువళ్ళు రాసేవాళ్ళు అప్పటికే ఈ దారిలో ఉన్నారు. దారి వేసింది మాత్రం లాయర్ల కాగితాలు. 1969లో ఐబీఎంలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు కలిసి, న్యాయవాదుల ఆఫీసుల కోసం ఒక వ్యవస్థ కడుతున్నారు. పత్రాన్ని దిద్దే ప్రోగ్రాము ఒకటి, వెతికేది ఒకటి, అచ్చువేసేది ఇంకొకటి. ఒకదాని గుర్తులు మరొకదానికి అర్థం కావు. దాంతో 'దీన్ని లావుగా వెయ్యి' అనడం మాని 'ఇది శీర్షిక' అని మాత్రమే గుర్తు పెట్టారు. ఎలా కనిపించాలో ఆ తర్వాతి ప్రోగ్రాము చూసుకుంటుంది. ఆ భాషకు జీఎంఎల్ అని పేరు పెట్టారు. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలు అందులో దాక్కున్నాయి! దాని వారసురాలు ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది.

1980ల నడుమ రిచర్డ్ స్టాల్‌మన్ తన గ్నూ ప్రాజెక్టు మాన్యువళ్ళ కోసం టెక్సిన్ఫో తెచ్చాడు. ఒకే ఫైలు నుంచి అచ్చు పుస్తకమూ, తెర మీద చదివే రూపమూ వచ్చేవి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషది. దాని డాక్యుమెంటేషన్ చాలా ఏళ్ళు అచ్చు కోసం వాడే లేటెక్ భాషలో ఉండేది. ఆ బ్రాకెట్లూ బ్యాక్‌స్లాష్‌లూ చూసి, ప్రోగ్రాములు రాసేవాళ్ళే ఒక తప్పు దిద్దడానికి వెనకాడేవారు. 2007లో జర్మనీకి చెందిన గెయోర్గ్ బ్రాండ్ల్ ఆ మొత్తాన్నీ మామూలు ఉత్తరంలా చదువుకోగల రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ లోకి మార్చే పనికి పూనుకున్నాడు. అందుకోసం రాసిన స్ఫింక్స్ అనే ప్రోగ్రామును 2008లో అందరికీ ఇచ్చాడు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన పైథాన్ 2.6 నుంచి అధికారిక డాక్యుమెంట్లు దానితోనే తయారవుతున్నాయి.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో శీర్షిక రాసి, దాని కింద సమాన గుర్తులతో గీత కొడితే చాలు. గీత శీర్షిక కన్నా పొట్టిదైతే స్ఫింక్స్ ఊరుకోదు, ఫలానా వరుసలో గీత చాలలేదని సణుగుతుంది. లేని అధ్యాయానికి లింకు పెట్టినా హెచ్చరిస్తుంది. ఉదాహరణ కోడును చేత్తో కాపీ చేయక్కర్లేదు, అసలు ప్రోగ్రాము ఫైలు నుంచే తెచ్చుకోమనవచ్చు. అక్కడ కోడు మారితే మళ్ళీ బిల్డ్ చేసినప్పుడు మాన్యువల్లోనూ మారుతుంది. వెబ్ పేజీలు, పీడీఎఫ్, ఈ-పుస్తకం అన్నీ ఆ ఒక్క మూలం నుంచే. అయితే కోడు చుట్టూ మనం రాసిన వివరణ పాతబడితే దాన్ని ఏ యంత్రమూ పట్టుకోదు. అది మనిషే చదివి దిద్దాలి.

మళ్ళీ తెలుగు దగ్గరికి వస్తే, మన డీటీపీ సెంటర్లలో 'అను' ఫాంట్లతో కంపోజ్ చేసిన పుస్తకాల సంగతి చూడండి. ఫైలులో ఉన్నది అక్షరం ఆకారమే. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు మిగులుతాయి. అది యూనికోడ్‌లోకి రావాలంటే ఆ ఫాంటు లెక్కలు తెలిసిన కన్వర్టర్ కావాలి, ఆపైన ప్రూఫు చూడక తప్పదు. ఆర్‌టీఎస్ ఫైలులో ఉన్నది ఉచ్చారణ. కాబట్టి యూనికోడ్ వచ్చాక కూడా అది బతికి బట్టకట్టింది. వీవెన్ తయారుచేసిన 'లేఖిని'లో నేటికీ దాదాపు అదే పద్ధతిలో తెలుగు కొడుతున్నాం.

వజ్రకరూరులోనో గుంతకల్లులోనో కూర్చుని ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలకు ఒక మాట. మీ ప్రాజెక్టు మాన్యువల్‌ను వర్డ్ ఫైలులో వేరుగా దాచుకోకండి. కోడు ఉన్న ఫోల్డరులోనే, మామూలు టెక్స్ట్‌లో రాయండి. ఎవరిదైనా పెద్ద ప్రాజెక్టులో మీ పేరు మొదటిసారి చేరాలన్నా కోడు జోలికే వెళ్ళనక్కర్లేదు. వాళ్ళ డాక్యుమెంటు మూలంలో ఒక తప్పు వాక్యం దిద్ది పంపండి.