కొలంబస్ రాకముందు, పట్టా రాకముందు

మేం పాఠం చెప్పేది సిద్దిపేట జిల్లా నారాయణరావుపేటలో. పుట్టి పెరిగింది మాత్రం ఆదిలాబాద్ అడవుల వైపు గోండు గూడెంలో. ఆ మధ్య తరగతిలో అమెరికా మాట వచ్చింది. 1492లో కొలంబస్ అమెరికాను కనుక్కున్నాడని ఒక పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వెనక కూర్చున్న పాప లేచి, "అప్పటిదాంక ఆడ ఎవ్వలు లేకుండెనా సార్?" అని అడిగింది.

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. పాపకు అమెరికా సంగతి చెప్పాం గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే అది మన ప్రశ్న కూడా అనిపించింది. మన గోండుల చరిత్రను పుస్తకాల్లో చూడండి. ఎక్కువగా 1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడైన చోట మొదలవుతుంది, రెండు పేజీల్లో అయిపోతుంది. అంతకుముందు అక్కడ ఎవ్వలు లేకుండెనా?

అమెరికాలో ఉన్నారు. కనీసం పదిహేను వేల ఏళ్ల కిందటి నుంచి ఉన్నారు. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో దొరికిన మనిషి పాదాల అచ్చులు ఇరవై వేల ఏళ్లకు పైబడినవని పరిశోధకులు చెబుతున్నారు. ఇప్పటి సెయింట్ లూయిస్ నగరం పక్కన తొమ్మిది వందల ఏళ్ల కింద కహోకియా అనే పెద్ద పట్టణం ఉండేది. దాని మట్టి దిబ్బలు నేటికీ ఉన్నాయి. అంత దూరం ఎందుకు, నారాయణరావుపేట చుట్టూ మక్క చేలు ఉన్నాయి కదా! మక్కజొన్నను గడ్డి మొక్క నుంచి పంటగా తీర్చింది ఆ ఖండపు మూలవాసులే. మన కూరలో పడే మిరపకాయ, టమాట కూడా వాళ్ల చేతి పంటలే. ఆ పాపకు మేం మొదట చెప్పింది ఈ మక్క సంగతే. పిల్లలు నమ్మలేదు, "మక్కలు మనయే సార్" అన్నారు.

కొలంబస్ తాను ఇండియా వైపు దేశాలకు వచ్చాననుకొని వాళ్లకు ఇండియన్లు అని పేరు పెట్టాడు. వాళ్లను వాళ్లు డినే అనీ, లకోటా అనీ పిలుచుకుంటారు. మనం మాత్రం ఏం తక్కువ? కొండ మీద ఉన్నా మైదానంలో ఉన్నా మనకు గిరిజనులనే పేరు. మనల్ని మనం పిలుచుకునే పేరు కోయితూర్. ఆ పేరు మన కులధ్రువీకరణ పత్రంలో ఉండదు.

కోయితూర్ కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పేవాళ్లు మన పర్ధాన్లు, తోటీలు. వాళ్ల కిక్రి పలికితే కథ గుహలో మొదలవుతుంది. గుహలో మూసివేయబడిన మన పెద్దలను పహండి కుపార్ లింగాల్ విడిపించి, నాలుగు దేవతల వాళ్లు, ఐదు, ఆరు, ఏడు దేవతల వాళ్లు అని సగలుగా పంచి, ఎవరు ఎవరికి బావ, ఎవరు ఎవరికి అన్న అన్నది నిర్ణయించాడు. ఇది పురాణం, తేదీలు అడగకూడదు. భాషను అడగవచ్చు. గోండీ ద్రావిడ భాష. తెలుగుకు దగ్గరి చుట్టమని భాషావేత్తలు తేల్చారు. మనం నీళ్లను 'ఏర్' అంటాం. తెలుగువాళ్లు పారే నీటిని 'ఏరు' అంటారు. ఇద్దరం ఒక ఇంట్లోంచి విడిపోయిన అన్నదమ్ములమేనని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

తర్వాత రాజ్యాలు వచ్చాయి. గఢా మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా, అన్నీ గోండు రాజ్యాలే. గఢా రాణి దుర్గావతి 1564లో మొగల్ సేనతో పోరాడి ప్రాణం విడిచింది. మనకు దగ్గరిది చాందా. 1751లో నాగపూర్ భోంస్లేలు దాన్ని తీసుకున్నారు. 1860లో రాంజీ గోండును నిర్మల్‌లో ఉరితీశారు. ఆయనతోపాటు వెయ్యి మందిని ఒకే మర్రికి వేలాడదీశారని ఆ ప్రాంతంలో చెబుతారు. రాజుల గురించి ఇంతకంటే చెప్పదలచుకోలేదు. రాజు పోయినా దున్నేవాడి నేల అలాగే ఉండేది. నేల పోయింది ఆ తర్వాత.

అది ఎలా పోయిందో వివరంగా తెలుసుకోవాలి. మన తాతలు ఒకచోట కొన్నేళ్లు పండించి, ఆ నేలను పడావు వదిలి, ఇంకోచోటికి కదిలేవాళ్లు. నేలకు హద్దురాయి లేదు, కాగితం లేదు. నిజాం కాలంలో అడవికి హద్దులు గీసి రిజర్వు అన్నారు. పడావున్న చేను రాత్రికి రాత్రి సర్కారు అడవి అయింది. 1920ల చివర కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు దారి పూర్తయింది. రైలుతో పాటు పట్టా అంటే ఏమిటో తెలిసినవాళ్లు వచ్చారు. కాగితం వాళ్ల పేరున అయింది, దున్నినవాడు కూలి అయ్యాడు. భీం పన్నెండు గ్రామాల కోసం అడిగింది ఇదే, మా నేల మాకు రాసివ్వమని. నిజాం కాదన్నాడు.

అమెరికాలో ఇది తలకిందులుగా జరిగింది. అక్కడ తెగ మొత్తానికి ఉమ్మడిగా భూమి ఉండేది. 1887లో డాస్ చట్టం తెచ్చి, కుటుంబానికి ఇంత అని విడగొట్టి కాగితాలు రాశారు. మిగిలింది ఎక్కువైందని చెప్పి బయటివాళ్లకు ఇచ్చేశారు. 13.8 కోట్ల ఎకరాలు ఉన్నది 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు వచ్చింది. వాళ్లకు కాగితం ఇచ్చి భూమి తీసుకున్నారు. మనకు కాగితం లేదని తీసుకున్నారు.

బడి విషయంలో మాత్రం మనకు ఒక మంచి అధ్యాయం ఉంది. 1879లో అమెరికాలోని కార్లైల్‌లో మూలవాసుల పిల్లల కోసం బడి పెట్టి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లి భాష మాట్లాడితే శిక్షించారు. ఇక్కడ, భీం మరణించాక, కారణాలు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1943లో మన వాళ్లనే ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ మొదలుపెట్టించాడు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. భూమి విషయంలోనూ ఆయన పట్టుబట్టడంతో 1940లలో ఆదిలాబాద్ జిల్లాలో లక్షన్నర ఎకరాలకు పైగా మన వాళ్ల పేర్ల మీద ఎక్కింది. టీచర్ ట్రైనింగ్ చేసినప్పుడు ఎందరో విదేశీ విద్యావేత్తల పేర్లు బట్టీ పట్టాం. మార్లవాయి పేరు మాకు ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వాలు మారాయి, గోండీ వాచకాలు పక్కకు పోయాయి.

లిపి సంగతి కూడా చెప్పాలి. చెరోకీ తెగకు చెందిన సెక్వోయా ఇంగ్లీషు చదవడం రాకపోయినా 1821 నాటికి తన భాషకు లిపి కట్టాడు. 1828లో ఆ లిపిలో పత్రిక వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి ఆ చెరోకీలను ఊళ్ల నుంచి వెళ్లగొట్టారు. దారిలో దాదాపు నాలుగు వేల మంది చనిపోయారు. కానీ లిపి చావలేదు. మనకూ నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపి రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఫోనులో కూడా రాసుకోవచ్చు.

భీం తర్వాత కథ ఆగలేదు. 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకూడదని. అమలు కాలేదనే కోపంతోనే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సంతకు జనం కదిలారు. పోలీసులు కాల్చారు. ప్రభుత్వం 13 మంది అంది, మన వాళ్లు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు మన పక్షాన తీర్పు ఇచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అమెరికాలో 2020లో, ఓక్లహోమా తూర్పు భాగంలో క్రీక్ తెగకు ఒప్పందంలో రాసిచ్చిన హద్దు ఇంకా చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రాతకు నూట యాభై ఏళ్లు దాటాయి. అందుకే అన్నదమ్ములకు మా మాట ఒకటే: ఇంట్లో పాత కాగితం ఏది ఉన్నా పారేయకండి, చెదలు పట్టినా సరే.

2016లో సిద్దిపేట జిల్లా, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా ఒకే రోజు ఏర్పడ్డాయి. ఒకటి మా జీతం ఇచ్చే జిల్లా, ఇంకొకటి మా చుట్టాల జిల్లా. ఈ రెండింటి మధ్య పెరుగుతున్న మా పిల్లలకు గోండీ అర్థమవుతుంది, మాట్లాడరు. అవ్వ ఫోనులో గోండీలో అడిగితే తెలుగులో జవాబు చెబుతారు. తప్పు వాళ్లది కాదు, ఇంట్లో మేం కూడా తెలుగే మాట్లాడుతున్నాం.

మొన్న ఎండాకాలం సెలవుల్లో పేర్సాపేన్ పూజకు వాళ్లను ఊరికి తీసుకుపోయాం. రాత్రి పర్ధాన్ పెద్దాయన కిక్రి పట్టుకొని గుహ దగ్గర మొదలుపెట్టాడు. సగం మాటలు వాళ్లకు అందలేదు, పక్కన కూర్చొని మేం తెలుగులో చెబుతూ వచ్చాం. లింగాల్ గుహ తలుపు తీసేసరికి కోడి కూసింది. చిన్నవాడు నిద్ర కళ్లతో, "తాతా, తర్వాత?" అన్నాడు. పెద్దాయన కిక్రిని గుడ్డలో చుడుతూ, మిగతాది రేపు రాత్రికి అన్నాడు.