లాకు నుంచి నిఘంటువు వరకు: దిగువ కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు పదాభ్యాసం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: దిగువ కృష్ణా డెల్టాలోకి ఇంగ్లీషు పదాలు రెండు దారుల్లో వచ్చాయి. కాలువ, కచేరీల ద్వారా వచ్చినవి వాడుకలో కలిసిపోయాయి. పాఠశాల ద్వారా వచ్చినవి అర్థాల పట్టికలుగా మిగిలాయి. ఈ రెండు దారుల మధ్య ఏర్పడిన ఎడాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ముఖ్యపదాలు: కృష్ణా డెల్టా, నందివాడ, సి.పి. బ్రౌన్, నిఘంటువులు, నోబుల్ పాఠశాల, అన్యదేశ్యాలు.

1. ప్రవేశిక

గుడివాడకు, కొల్లేటికి చేరువలో ఉన్న నందివాడ ప్రాంతం కాలువల మీద ఆధారపడిన సేద్యపు సీమ. ఇక్కడి రైతుకు ‘లాకు’ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అదే ఇంటి విద్యార్థి ఇంగ్లీషు పాఠంలో ‘లాక్’ అనే పదం ఎదురైతే ‘తాళం’ అని అర్థం రాసుకుంటాడు. రెండూ ఒకే పదమన్న స్పృహ అతనికి కలిగే అవకాశం తక్కువ. కఠినమైన ఇంగ్లీషు పదాలు నేర్వడంలో నేటికీ కనిపించే ఇబ్బందికి మూలం ఈ ఎడంలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. కాలువ, కచేరీల దారి

బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాలువలతోపాటు వాటి నిర్వహణకు సంబంధించిన మాటలు కూడా పల్లెలకు చేరాయి. ‘లాకు’, ‘ఓవర్సీరు’ వంటివి బడికి వెళ్లనివారి నోట సైతం అజంతాలై తెలుగు పదాలుగా స్థిరపడ్డాయి. కాలువకు రైవస్ అనే ఆంగ్లేయుని పేరు నిలిచిపోవడం కూడా ఇటువంటిదే.

న్యాయస్థానాల ద్వారా ‘అప్పీలు’, ‘డిక్రీ’, ‘నోటీసు’ వచ్చాయి. అప్పటికే కచేరీ భాషలో పారసీక పదాలు పాతుకుపోయి ఉండటంతో, ఇంగ్లీషు ‘డిక్రీ’కి పారసీక ప్రత్యయం చేరి ‘డిక్రీదారు’ ఏర్పడింది. తెలుగువారు ఇంగ్లీషు పదాన్ని గ్రహించడమేగాక దానితో కొత్త పదాన్ని వాడుక చేసుకున్నారనడానికి ఇది నిదర్శనం.

3. నిఘంటువుల దారి

కంపెనీ న్యాయశాఖ ఉద్యోగిగా మచిలీపట్నంలోనూ పనిచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ మిశ్రమ భాషను గుర్తించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగులోని అన్యదేశ్యాలకు ప్రత్యేకించిన మిశ్రభాషా నిఘంటువు 1854 నాటిది. అంతకుముందు క్యాంప్‌బెల్ నిఘంటువు 1821లో వచ్చింది. ఈ కృషికి ప్రధాన ప్రేరణ దొరల పాలనావసరం. జిల్లా అధికారికి తెలుగు అర్థం కావాలన్నది తొలి లక్ష్యం.

అయితే బ్రౌన్ తన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ఇంగ్లీషు నుడికారాలను తెలుగులో వివరించాడు. ఇంగ్లీషు పదాల ఉచ్చారణనూ చూపాడు. ఉచ్చారణ ఆంగ్లేయునికి అక్కరలేదు. కనుక తెలుగు విద్యార్థి కూడా ఆయన దృష్టిలో ఉన్నాడని చెప్పవచ్చు. ఒంటిపదానికి ఒంటిపదం చాలదని, నుడికారమే అర్థాన్ని నిలుపుతుందని ఆయన పద్ధతి సూచిస్తుంది.

4. పాఠశాల దారి

చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల నెలకొల్పాడు. అది మొదట ఉన్నత వర్గాల బాలురను ఉద్దేశించినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, ఇంగ్లీషు తప్పనిసరియైన ప్రవేశపరీక్ష వచ్చాక ఇంగ్లీషు పదసంపద ఉద్యోగానికి మెట్టు అయింది. పరీక్ష ప్రధానమైనచోట పదం, దాని అర్థం జంటగా కంఠస్థం కావడం సహజం. ఈ క్రమంలో పల్లెవాడుకలోని ‘లాకు’, ‘అప్పీలు’ చదువుగా లెక్కకు రాలేదు. బడిలో నేర్చినదే ఇంగ్లీషు, ఊరిలో పలికినది అపభ్రంశం అన్న భావన బలపడింది.

5. రెండు దారుల కలయిక

‘లాక్’ అనే పదానికి మూసి ఆపేది అన్న భావం మూలం. తలుపును ఆపితే తాళం, నీటిని ఆపితే లాకు. ‘అప్పీల్’ అనే పదానికి పై న్యాయస్థానానికి విన్నపం, వేడుకోలు, ఆకర్షణ అని మూడర్థాలు వల్లించే విద్యార్థి మూడింటినీ మరచిపోవచ్చు. కోర్టు అప్పీలు తెలిసినవానికి ‘పిలిచి కోరడం’ అన్న మూలభావం చూపితే తక్కిన రెండూ దానినుంచే తోస్తాయి. తెలిసిన అర్థం నుంచి తెలియని అర్థానికి పోయే ఈ పద్ధతికి కావలసిన సామగ్రి విద్యార్థి ఇంటిభాషలోనే ఉంది.

6. ముగింపు

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థికి ఇంగ్లీషు పదాలు రావన్న మాట నేటి కళాశాలల్లో తరచు వినిపిస్తుంది. డెల్టా చరిత్ర దీనిని సమర్థించదు. నూటయాభై ఏళ్లకు పైగా ఆ పదాలు అతని పొలం గట్టునే ఉన్నాయి. వాటిని పాఠ్యాంశంతో కలపకపోవడం బోధనలోని లోపమే గాని విద్యార్థి లోపం కాదు. స్థానిక వాడుకలోని ఇంగ్లీషు పదాలను మండలాలవారీగా సేకరిస్తే అది భాషాచరిత్రకు, తరగతి గదికి సమానంగా ఉపకరిస్తుంది.